‘ఇంట్ల అడిగి చెప్త’

మంచిర్యాల ప్రాంతమున ఎడ్ల బేరము జరుగు చోటనైనను, పత్తి ధర మాటలాడు చోటనైనను కొంతసేపు నిలిచి విన్నవారికి ఒక మాట తప్పక చెవిని బడును. కొనువాడు ధర చెప్పును. అమ్మువాడు తలకు జుట్టిన తువ్వాలు సవరించుకొనును. చుట్టునున్న నలుగురును నోరు మెదపక చూచుచుందురు. అప్పుడా కాపు, "ఇంట్ల అడిగి చెప్త" అనును. బేరము నాటికి నిలిచిపోవును. మధ్యవర్తి విసుగుకొనునే గాని తప్పుపట్టడు. ఇంటిలో నడుగుట యనగా నెవరి నడుగుట? ఆ మాటలో పేరు లేదు, వావి లేదు. అయినను వినువారిలో నెవ్వరికిని సందేహము కలుగదు. అడుగబడునది ఇల్లాలు.

పట్టణపువారికి ఈ మాట నవ్వు పుట్టించును. ధర నచ్చనప్పుడు మర్యాదగా తప్పించుకొనుటకై చెప్పు సాకని వారందురు. కొన్నివేళల సాకే కావచ్చును. అట్టి సాకులు నేనును వినియున్నాను. కాని సాకుగా నిలుచుటకైనను ఒక మాటకు వెనుక ఆచారబల ముండవలెను. "మా జీతగాని నడిగి చెప్పెద" నని యే కాపును తప్పించుకొనజాలడు, ఎదుటివాడు నమ్మడు. "ఇంట్ల అడిగి చెప్త" నన్నచో నమ్మును. ఏలయన నిన్న తానును తన యింట నడిగియే వచ్చియున్నాడు. మంచి నాణెము వాడుకలో నున్న చోటనే గదా దొంగనాణెము చెల్లును!

నేను వ్యవసాయశాస్త్రము నేర్చినవాడను గాను. గ్రంథములు చదువువాడను, చిన్ననాట పొలము గట్లపై దిరిగినవాడను. కావున నా ఫిర్యాదు పొలముపై గాదు, గ్రంథములపై. నూఱేండ్లకు బైగా తెలుగున కాపును గూర్చి కావ్యములు, నవలలు, కథలు వ్రాయబడుచున్నవి. ఈ మూడు మాటల వాక్యము వాటిలో దాని పూర్తి బరువుతో నాకు వినబడినది మిక్కిలి యరుదు. కాపు ఒంటరిగా నాలోచించును, ఒంటరిగా నప్పుచేయును, ఒంటరిగా చెడును. ఆలు పొలమునకు సద్ది తెచ్చును, కన్నీరు పెట్టును, కథ చివర మెడలోని పుస్తెలు తీసి యిచ్చును. ఆ పుస్తెలు తీయుటకు ముందు, ఆ యింట, ఆ రాత్రి, వారిద్దఱి నడుమ జరిగిన మాట యేది?

దువ్వూరి రామిరెడ్డిగారి ‘కృషీవలుడు’ మన కవితలో కర్షకునకు సింహాసనము వేసిన కావ్యము. రామిరెడ్డిగారు స్వయముగా సేద్యము చేసినవారు. పైరుగాలి వాసన యెఱిగిన కవి. అందు సంసారసుఖమును గలదు, పల్లెసీమ సొగసును గలదు. కాని యే చేనిలో నేమి విత్తవలెను, ఎవరియొద్ద నప్పు తేవలెను అను ప్రశ్నలు దంపతుల నడుమకు వచ్చు ఘట్టము కొఱకు వెదకినచో చదువరి ఆకలి తీఱదు. మన తెలంగాణమున గంగుల శాయిరెడ్డిగారు ‘కాపుబిడ్డ’ వ్రాసిరి. కాపు పడు బాధలు నేలమీద నిలిచి చెప్పిన గ్రంథమది. అందును కాపనగా మగవాడే. కవులను దూషించుట నా యుద్దేశ్యము గాదు. కాపునకు కావ్యములో చోటు లేని కాలమున చోటు కల్పించుటయే వారికి పెద్ద పని యయ్యెను. ఆ చోటున రెండవ పీట వేయుటకు తీఱిక చిక్కలేదు. ఆ తీఱిక తరువాతివారికి చిక్కినది. వారేల వేయలేదు?

ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ కొంత మేలు. రామదాసు తత్త్వము చెప్పువాడైనను అతని యింట భార్య మాట వినబడును. ఇంటి మంచిచెడ్డలు గోడలు దాటకయే వారి నడుమ తూగుచుండును. 1920ల తొలినాళ్ల నవలలో నిట్టి సంసారము కానవచ్చుట గొప్ప. ఆ దారిని తరువాత నడచినవారు తక్కువ.

ఇక చరిత్రకు వత్తము. పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ తెలియని యిల్లు తెలంగాణమున లేదు. 1895లో బుట్టిన యామె కౌలునకు భూమి దీసికొని సేద్యము చేసెను. విసునూరు దేశముఖు ఆ పంటను తనదిగా జేసికొన యత్నించినప్పుడు ఆంధ్రమహాసభ కార్యకర్తల తోడ్పాటుతో గింజలను తన యింటికే చేర్చుకొనెను. 1985లో నామె కన్నుమూసెను. నేడామె విగ్రహములు కూడళ్ల నిలిచియున్నవి. ఏటేట దండలు పడుచున్నవి. ఆ భూమి కౌలునకు దీసికొనవలె నను తలంపు మొదట నామెకు గలిగినదా, భర్తకు గలిగినదా? దొరతో వైరము కొనితెచ్చుకొనుట కాతడు వెఱచెనా, ముందడుగు వేసెనా? మన పాటలును నాటకములును ఐలమ్మను ఒంటిగా నిలిపి, చేత రోకలి నుంచి, భర్తను తెర వెనుకకు ద్రోచినవి. రామిరెడ్డిగారి కావ్యమున భార్యకు జరిగినదే యిచ్చట భర్తకు జరిగినది! వీరగాథలకు ఒక్కరే కావలెను. సేద్యమునకు ఇద్దఱు కావలెను. ఈ రెంటికి పొత్తు కుదురకుండుటయే మన గ్రామసాహిత్యపు పెద్దలోపమని నాకు దోచును.

స్త్రీశక్తి సంఘటనవారు 1986లో ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఈ విషయమున కన్ను దెఱపించు గ్రంథము. సాయుధపోరాటమున బాల్గొన్న స్త్రీలు తమ మాటలలో జెప్పికొనిన జ్ఞాపకములవి. పోరాటకాలమున తుపాకి యెత్తుటకు, వార్తలు మోయుటకు పనికివచ్చిన తమకు, 1951లో పోరాటము విరమింపబడగనే ఇండ్లకు దిరిగి పొండను మాట వినవచ్చినదని వారిలో పలువురి యావేదన. సంఘములో నైనను, సంసారములో నైనను, ‘పనిలో పొత్తు, నిర్ణయములో వేఱు’ అను పద్ధతి యొక్కటే యని దానిని చదివినవారికి స్పష్టమగును.

సాహిత్యకారుల చెవి యెచ్చట మోసపోవుచున్నదో ఒక యుదాహరణ చెప్పెదను. మా వైపు పల్లెలలో భర్త యేదేని చేయదలచి చెప్పినప్పుడు భార్య, "నీ యిష్టం" అనును. కథకుడు దీనిని విని, భార్య విధేయురాలై యొప్పుకొన్నదని వ్రాయును. చదువరియు నట్లే నమ్మును. కాని కాపుటింట బుట్టిన వానికి ఆ మాట అర్థము వేఱు. భార్యకు సమ్మతమైనచో "నీ యిష్టం" అనదు, "ఎన్నడు పోతవు? పైసలు ఎక్కడివి? బండి ఎవలది?" అని ప్రశ్నించును. ప్రశ్నలు సమ్మతికి గుఱుతులు. "నీ యిష్టం" అనునది నిరాకరణము. దాని తరువాత రెండు దినములు ఇంటిలో పాత్రల చప్పుడు హెచ్చును, మాటల చప్పుడు తగ్గును. మూడవనాడు కాపు ఆ బేరము విడుచును, లేదా పట్టుదలకు బోయి చేయును. చేసినచో, ఆ పని చెడిన నాడు, "నీ యిష్టం అన్నగద" అను మాట యేండ్ల తరబడి ఆ యింటి కప్పుక్రింద వ్రేలాడును. ఇంత బలము గల నిరాకరణమును మన కథకులు విధేయతగా వ్రాసి పాఠకులకు పంచిపెట్టుట విచారకరము.

అట్లయిన కాపుటింట భార్యాభర్తలు సరిసమానులే గదా, ఇక నీ విమర్శ యేల యని యడుగవచ్చును. కాదు. ఏ నిర్ణయము ఇంటిలో జరుగునో అందామెకు పాలు గలదు. ఏ నిర్ణయము ఇంటి వెలుపల జరుగునో అందు లేదు. ఇదియే విషయమునకు మూలమని నేననుకొనుచున్నాను. కాలక్రమమున నిర్ణయము లొక్కటొక్కటిగా ఇల్లు విడిచి వెలుపలికి బోవుచున్నవి.

విత్తనమునే చూడుడు. మా నాయనమ్మ దినములలో విత్తనము స్త్రీల సొత్తు. మంచి కంకులను కళ్లములోనే యేఱి ప్రక్కన బెట్టునది ఆమె. ఎండబెట్టి, బూడిదయు వేపాకును గలిపి, కుండలలో నింపి, మూతికి మట్టి మెత్తునది ఆమె. వానలు పడగనే కాపు నాగలి దిద్దుకొనును గాని, ఆ యేడు జొన్న యెంత, కంది యెంత, పెసర యెంత యను లెక్క కుండల నుండి వచ్చును. కుండలు ఆమె చేతిలో నుండెను. నాగలి మాత్ర మామె ముట్టరాదు. స్త్రీ నాగలి పట్టిన వానలు పడవను మూఢవిశ్వాసము మన దేశమున బెక్కుచోట్ల గలదు. డెన్మార్కు దేశపు విదుషీమణి ఎస్తరు బోసెరప్ 1970లో వ్రాసిన గ్రంథమున, గుద్దలితో సేద్యము సాగు సీమలలో స్త్రీకి పైచేయియు, నాగలి వచ్చిన సీమలలో పురుషునికి పైచేయియు నుండునని వాదించినది. మా సీమ నాగలి సీమయే. కాని బోసెరప్ వాదమునకు విత్తనపు కుండ నొకదానిని జోడింపవలెనని నాకు దోచును. నాగలి అతనిది, కుండ ఆమెది. రెండును గలిసిననే చేను.

ఆ కుండ పగిలినది. సంకరపు విత్తనములు వచ్చెను. 2002లో బీటీ పత్తికి అనుమతి కలిగెను. చెన్నూరు, కోటపల్లి, నెన్నెల దిక్కుల నల్లరేగళ్లలో పత్తి యల్లుకొనెను. సంకరవిత్తనపు పంట నుండి మఱల విత్తనము దీసిన గుణము నిలువదు. కావున నేటేట కొనవలసినదే. పొట్లము పట్టణపు దుకాణమున దొరకును. దుకాణమునకు బోవువాడు మగవాడు. దుకాణదారుడే యుద్దెర యిచ్చును. ఎరువును, పురుగుమందును అతడే నిర్ణయించును. పంట వచ్చిన పిదప దానిని తనకే యమ్మవలెనను షరతు గూడ కొన్నిచోట్ల నతడే పెట్టును. ఇప్పుడు చేనిలో నేమి విత్తవలెనో తేలునది ఇంటిలో గాదు, మంచిర్యాల బజారులో నొక బల్లకు నిరుప్రక్కల. ఆ బల్లయొద్ద ఇల్లాలికి పీట లేదు. భార్య మాట నెవ్వరును త్రోసివేయలేదు. మాట జరుగు చోటే మాఱిపోయినది. పత్తి యేఱుట మాత్రము ఆమె పనియే. జహీరాబాదు ప్రాంతమున దక్కను డెవలప్‌మెంటు సొసైటీ స్త్రీల సంఘములు, ముఖ్యముగా దళితస్త్రీలు, చిరుధాన్యముల విత్తనములను మఱల కుండలకును బుట్టలకును దెచ్చుకొనిరి. వారికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటరు బహుమానము లభించెను. కుండ తిరిగి వచ్చిన చోట మాటయు దిరిగి వచ్చునని చూపుటకు మన రాష్ట్రముననే యుదాహరణము గలదు.

ఇచ్చట నా మేనత్త సంగతి చెప్పక తప్పదు. ఆమె యూరు లక్సెట్టిపేట దాటి, కడెము కాలువ చివర. ఎగువవారి మళ్లు నిండిన పిదప మిగిలిన నీరు వారికి. మిగులని యేడు లేదు. మామకు అయిదెకరములు. బోరు వేయింపవలె నని ఆతడు దలచెను. అత్త నడిగెను. ఆమె వివరముల నడిగెను, అనగా నొప్పుకొనెను. బోరు పడలేదు. మఱునటి యేడు మఱల నడిగెను. ఆమె, "నీ యిష్టం" అనెను. అతడు మూడు దినము లోర్చి, నాలుగవనాడు బండిని బిలిపించెను. అదియు బడలేదు. తరువాత నతడామెను ఏమియు నడుగలేదు. ఇంటిలో నంతయు శాంతముగా నుండెను. వారు బాగుపడిరని మేమందఱ మనుకొంటిమి.

మామ గుండె యాగి చనిపోయిన పిదప, దినవారములు ముగియకముందే నోట్లు బయటపడెను. దుకాణము బాకీ యొకటి, చేబదుళ్లు కొన్ని, నూటికి మూడు రూపాయల మిత్తికి దెచ్చిన పెద్దమొత్త మొకటి. మూడవ బోరు, నాలుగవ బోరు వేయించిన సంగతియే అత్త కప్పుడు తెలిసెను. పొలము గట్టున నిలిచి చూచినచో నా గొట్టములు కనబడవలసినవే. కాని ఆమె ఆ మూలకు బోవుట మానుకొని రెండేండ్లు. నేను కోపముతో, "నీకు జెప్పక చేయునా!" యంటిని. అత్త కోపపడలేదు. "అడిగితే వద్దంటనని అడుగలే, బిడ్డా" అనెను.

ఆ మాట నా చెవిలో నేటికిని గలదు. మామ ఆమెను లెక్కచేయక దాచలేదు. లెక్కచేసెను గనుకనే దాచెను. ఆమె ‘వద్దు’ అన్నచో చేయుటకు చేతులు రావని యెఱిగి, ఆ ‘వద్దు’ వినబడని చోటికి బోయెను. కాపుల యప్పులను గూర్చిన కథలలో భర్త రహస్యము భార్యపై జాలిగా చిత్రింపబడుచున్నది: ఆమె కేల దుఃఖమని దాచెనట! జాలి కొంత గలదేమో. కాని భయము హెచ్చుగా గలదు, అభిమానము గలదు, ఓడిన జూదరి సిగ్గు గలదు. ఈ నాలుగింటి పెనగులాటను వ్రాసిన కథకుడు కాపుల మరణములను గూర్చి వ్రాసిన వందకథల కంటె నెక్కువ చెప్పగలడు. అప్పు మనిషిని ముంచుటకు ముందు సంసారమున మాటను ముంచుచున్నది.

ఇక సర్కారు కాగితములకు వత్తము. అవియు నొకవిధమగు సాహిత్యమే. అందఱికంటె నెక్కువ చదువబడు సాహిత్యము. 2015–16 నాటి వ్యవసాయ గణనలో దేశమున సేద్యపు కమతములలో స్త్రీల పేర నున్నవి నూటికి సుమారు 14 మాత్రమే. నాటు వేయువారిలో, కలుపు దీయువారిలో స్త్రీల పాలెంతయో చదువరులు ఏ మడిగట్టున నిలిచి చూచినను దెలియును. 2018 మే 10న హుజూరాబాదులో రైతుబంధు పథకము ఆరంభమయ్యెను. ఎకరమునకు పంటకు నాలుగువేల రూపాయల చొప్పున, తరువాత నయిదువేల చొప్పున, పట్టాదారునకు సొమ్ము చేరెను. 2025 జనవరి నుండి దాని స్థానమున రైతుభరోసా వచ్చినది, సొమ్ము ఆఱువేలయినది. ఈ సొమ్ము మేలు చేయలేదని యనను. కాని అది ఎవరి పేర పట్టా గలదో వారి ఖాతాను జేరును. ఇంతకు ముందు పంట సొమ్ము నోట్ల రూపమున ఇల్లు జేరి, బియ్యపు డబ్బాలోనో చీర మడతలోనో కొంతకాలము నిలిచెడిది. ఆ చీర మడత యొక విధమగు బ్యాంకు. దాని తాళము ఆమెయొద్ద నుండెను. ఖాతాలోని సొమ్మునకు తాళము సెల్లుఫోనులో గలదు, ఫోను అతని జేబులో గలదు.

అదే 2018 ఆగస్టు 15న రైతుబీమా వచ్చినది. పదునెనిమిది మొదలు యేబదితొమ్మిది యేండ్ల లోపు పట్టాదారు ఏ కారణమున మరణించినను కుటుంబమున కయిదులక్షలు. దాని ఫారములో నామినీ యని యొక గడి గలదు. అనేక కాపుకుటుంబములలో భార్య పేరు భూమి సంబంధమైన కాగితముపై మొదటిసారి యెక్కినది ఆ గడిలోనే. బ్రతికియున్నంత కాలము ఆమె సేద్యగత్తె గాదు. అతడు చనిపోయిన మఱుక్షణము ఆమెకు సంతకము వచ్చును! ఎవరును దురుద్దేశముతో జేసిన యేర్పాటు కాదిది. అందుచేతనే విమర్శింపదగినది, దురుద్దేశము లేని చోటనే యలవాటు బయటపడును.

చట్టముల సంగతియు నింతే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కూతురికిని వితంతువునకును వాటా చూపినది. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు నుండి అప్పటికి పెండ్లికాని కూతుళ్లను కొడుకులతో సమానముగా ఉమ్మడి యాస్తిలో నిలిపినది. 2005 నాటి కేంద్ర సవరణ, 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆ హక్కును మఱింత గట్టిపఱచినవి. మంచిదే. కాని చూడుడు: కూతురుగా హక్కు గలదు, వితంతువుగా హక్కు గలదు, భర్త జీవించియుండగా, అతని ప్రక్కన ముప్పదియేండ్లు వంగి నాటు వేసిన భార్యకు, భార్యగా, ఆ భూమిలో హక్కు లేదు. స్వామినాథన్‌గారు రాజ్యసభలో ప్రవేశపెట్టిన మహిళారైతుల హక్కుల బిల్లు, 2011, సేద్యము చేయు స్త్రీలను రైతులుగా గుర్తింపవలెనని కోరినది. అది చట్టము గాకయే ముగిసినది. ఐక్యరాజ్యసమితి 2026ను మహిళారైతుల సంవత్సరముగా బ్రకటించినది. సంవత్సరములకు పేర్లు పెట్టుట కంటె పట్టాలపై రెండు పేర్లు వ్రాయుట కష్టము కాబోలు.

వడ్లు కొను కేంద్రములు మఱియొక వింత. మన పల్లెలలో ఐకేపీ మహిళాసంఘములవారే కొనుగోలు కేంద్రములు నడుపుదురు. తేమ చూచునది స్త్రీ. కాంటాయొద్ద నిలుచునది స్త్రీ. సంచుల లెక్క వ్రాయునది స్త్రీ. ఊరి వడ్లన్నియు తూచుటకు నమ్మదగిన యామె, తన యింటి వడ్ల సొమ్ము తన భర్త ఖాతాలో ఎప్పుడు పడినదో భర్త నోట వినవలెను. ఆ సంఘమునందే యామె పేర అప్పు పుట్టును. ఆ యప్పు ఎరువుల బస్తాలుగా మాఱి చేను జేరును. కిస్తీ మాత్ర మామె కట్టును. సంతకము ఆమెది, ఖర్చు అతనిది. దీనిని స్త్రీల యభ్యుదయమని సభలలో వర్ణించువారు ఆ కిస్తీ పుస్తకము నొకమాఱు తెఱచి చూడవలెను.

సంస్కర్తలమని చెప్పుకొను మనమును తప్పుకొనరాదు. కందుకూరి వీరేశలింగముపంతులుగారు 1883లో ‘సతీహితబోధిని’ స్థాపించిన నాటినుండి మన పత్రికలు స్త్రీలకు విద్య, గృహనిర్వహణము, ఆరోగ్యము బోధించుచు వచ్చినవి. ఎంతయు మేలు జరిగెను. కాని ఆ వ్యాసములలోని స్త్రీ యెల్లప్పుడు గడప లోపల నుండునది. ఆమెకు వెలుపలి లోకమును జూపవలెనని మన తాపత్రయము. పొలములో బుట్టి పొలములో ముసలిదైన కాపుస్త్రీకి మన మేమి చెప్పితిమి? గడప దాటుట యామెకు కొత్త గాదు. గడప దాటినచోట మాట చెల్లుట కొత్త. ఈ భేదమును మన వ్యాసకర్తలు గుర్తింపలేదు. ఈ వ్యాసమును చదువుచున్న సోదరీసోదరులలో పల్లెలో భూమి గలవారు పలువు రుందురు. ఆ భూమి కౌలునకిచ్చునప్పుడు, అమ్మునప్పుడు, ఇంటిలో నెవరి నడిగితిరి?

ఒక ప్రత్యుదాహరణము. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపురము గనుల చుట్టునున్న పల్లెలలో భర్త సింగరేణి కొలువునకు బోవును. ఒకవారము పగటి షిఫ్టు, ఒకవారము రాత్రి షిఫ్టు. చేను భార్యపై బడును. కూలీలను బిలుచుట, నీరు మళ్లించుట, ట్రాక్టరు మాటలాడుట ఆమె చూచుకొనవలెను. అచ్చటి స్త్రీలు దుకాణమునకును వెరపు లేక పోవుదురు. దీనిని జూచి నేనొకప్పుడు మురిసితిని. తరువాత గమనించిన దేమనగా, చిన్న నిర్ణయము లన్నియు ఆమెవి. భూమి యమ్ముట, కొనుట, పెద్ద యప్పు అతడు షిఫ్టు దిగివచ్చు వఱకు నిలుచును. భారము బదిలీయైనంత త్వరగా అధికారము బదిలీ కాదు. అయినను కొంత యైనది. ఆ కొంతను చిన్నదిగా జూచుటకు నాకు మనసొప్పదు. ఆ యిండ్లలోని కూతుళ్లు తల్లి బేరమాడుట చూచుచు బెరుగుచున్నారు.

ఇద్దఱు పెత్తనము చేసిన యిల్లు నిలువదని పెద్దలలో నొక వాదము గలదు. సేద్యమున వాన కోసము వేచియుండవలెనే గాని వాదము కోసము వేచియుండ రాదనియు నందురు. ఇందు కొంత నిజము గలదు. వాన పడిన రాత్రి విత్తవలెనా వద్దా యని సభ చేయుట కుదురదు. కాని సేద్యమును ముంచిన నిర్ణయములలో ఆ తొందర యెన్నింటికి గలదు? బోరు వేయుటకు తొందర లేదు. పత్తి పెట్టవలెనా, కంది పెట్టవలెనా యని తలచుటకు వేసవి యంతయు గలదు. మూడు రూపాయల మిత్తికి తొందర యిచ్చువానిదే గాని తీసికొనువానిది గాదు. తొందరపెట్టువాడు తఱచుగా నమ్మువాడు. "ఇంట్ల అడిగి చెప్త" నను మాట ఆ తొందరకు మన పూర్వులు కట్టిన గట్టు.

ఈ గట్టును తెలిసి వ్రాసిన నవల యిటీవలి కాలమున ఒకటి గలదు. కరీంనగరము సీమ రచయిత పెద్దింటి అశోక్‌కుమార్ ‘జిగిరి’ కాపుల కథ గాదు. ఎలుగుబంటి నాడించి బ్రతుకు ఇమాము కుటుంబపు కథ. ఎలుగును విడిచినచో భూమి వచ్చునను ఆశ ఆ యింట బడును. కొడుకు భూమిని గోరును. తండ్రి ఎలుగును విడువలేడు. తల్లి ఇద్దఱి నడుమ నలుగును. భూమి యింకను రాలేదు; దానిని గూర్చిన నిర్ణయమే యొక సంసారమును చీల్చుచున్నది. భార్య మాట, భర్త మాట, కొడుకు మాట మూడును వాటి వాటి బరువుతో వినబడును. భూమి గలవారిపై వ్రాసిన నవలలలో గానరాని న్యాయము, భూమి లేనివారిపై వ్రాసిన నవలలో నాకు గానవచ్చెను. కాపుల కథకులు దానిని జదివి కొంత సిగ్గుపడినను తప్పు లేదు.

మేనత్త అప్పులు తీర్చుటకు రెండెకరములు అమ్మెను. మిగిలిన మూడు తానే చేయుచున్నది. ఆమె కొడుకు హైదరాబాదున నుద్యోగములో గలడు. పోయిన పత్తి కాలమున నేనామె యింట నుండగా మారుబేరగాడు వచ్చి, గడపయొద్ద కూర్చుండి, ధర చెప్పెను. అత్త కొంతసేపు అతని ముఖము చూచి, "ఇంట్ల అడిగి చెప్త" అనెను. వాడు తలయూపి బీడీ ముట్టించెను. ఆమె లోపలికి బోయెను. లోపల నెవ్వరును లేరు. మంచినీళ్లు త్రాగి, గుమ్మియొద్ద చాల సేపు కూర్చుండి, కొంగు దులుపుకొని వెలుపలికి వచ్చెను.

"రెండు నూర్లెక్కువిస్తెనే కాంట పెట్టుమంటున్రు" అనెను.